రేకు మీద బొట్టు

ఊర్జానగర్‌లో కరెంటు ప్లాంటులో పనిచేసే మా అల్లుడి క్వార్టర్ హాల్లో ఒక బొమ్మ ఉంది. ఎవరో విదేశీ చిత్రకారుడు వేసిన దానికి నకలు. కాగితం మీద కాదు, సన్నటి గీరలున్న అల్యూమినియం రేకు మీద అచ్చువేశారు. అందులో మనిషి లేడు, చెట్టు లేదు. నలుపు, పసుపు మరకలు, వాటి మధ్య రంగు తగలని బోడి రేకు. అప్పుడప్పుడే నేను కూతురి దగ్గర అక్షరాలు దిద్దుతున్నాను. ఆ మరకల్లో కూడా చదవాల్సిందేదో ఉందనుకుని చాలాసేపు చూసేదాన్ని.

నా మంచం దాని ఎదురుగానే. మనవరాలు రోజూ నా పక్కనే పడుకునేది. ఆ బొమ్మ వచ్చాక రావడం మానేసింది. గడప దగ్గరే ఆగిపోయేది.

"అండ్ల ఒకామె ఉంది అమ్మమ్మా. మొఖం లేదు. నువ్వు లేస్తే లేస్తది."

"అది నా నీడనే బిడ్డా."

"నీకు మొఖం ఉంది గద."

చూస్తే నిజమే. పొద్దు వాలే వేళ ఆ బోడి రేకులో నా ఆకారం నిలువునా సాగి, బూడిద రంగులో కదిలేది. కళ్ళు, ముక్కు గీరల్లో కలిసిపోయేవి. పాప లేక నా పక్క బోసిపోయింది. ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశాను. అయినా రాలేదు.

దసరా నాడు ఇంట్లోని ఇనుప సామానుకు పూజ. కూతురు వంటలో ఉండి కుంకుమ పళ్లెం నా చేతికిచ్చింది. భర్త లేనిదాన్ని, నాకెందుకన్నా వినలేదు. అల్లుడి బండికి, పానాలకు, కత్తిపీటకు, మిక్సీకి పెట్టాను. రేకు కూడా లోహమే కదా అని, చెయ్యి అందిన చోట దానికీ ఒక బొట్టు పెట్టాను.

"గది బొమ్మ అత్తమ్మా, మిషన్ గాదు," అని అల్లుడు నవ్వాడు.

"అమ్మ మిక్సీనే ఇడ్వలే, దాన్ని ఇడుస్తదా," అంది కూతురు. "రేపు తుడుస్త తియ్."

సాయంత్రం దాని ముందు నిలబడ్డాను. బొట్టు సరిగ్గా ఆ ఆకారం నుదుటి మీద ఉంది. మా ఊరు బామ్నిలో, ఆయన పోయినప్పుడు, నాకు తుడిచేసిన చోటే.

గడప దగ్గర నుంచి పాప తొంగి చూసింది. మెల్లగా లోపలికి వచ్చి నా కొంగు పట్టుకుంది.

"ఆమె మంచిదే. ఫోటోల తాత పక్కన బొట్టు పెట్టుకొని ఉంటది చూడు, గా అమ్మమ్మ."

ఆ రోజు నుంచి మళ్ళీ నా పక్కనే పడుకుంటోంది. మర్నాడు కూతురు తడిగుడ్డ తెస్తే పాప ఏడ్చింది. బొట్టు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ బొగ్గు దుమ్ము రోజూ పడుతుంది. రేకు తుడిచే పని నాదే. బొట్టు పోతే పాప రాదు, అందుకని దాని చుట్టూ తుడుస్తాను. ఒకసారి తుడుస్తూ పక్కకు జరిగాను. బూడిద ఆకారం నాతోపాటు జరిగింది. బొట్టు మాత్రం అక్కడే ఉంది, ఎవరో ఇంకా నిలబడే ఉన్నట్టు.

పాప ఆ బొమ్మ వైపు తిరిగి పడుకుంటుంది. నేను అటు వీపు పెట్టి పడుకుంటాను.