గెలిచినోళ్ళే చాయ్ పెట్టాలె

మా వదిన పోయిందన్న కబురు నాకంటే ముందు మా ఎదురింటి షాహీన్‌కు తెలిసింది. ఆ సంగతి చెప్పకుండా ఈ నాలుగు మాటలు మొదలుపెట్టడం నా వల్ల కాదు. వదిన అంటే మా ఆయన సొంత అక్క. ఎల్లారెడ్డిలో ఉండేది. మేము కామారెడ్డిలో ఉంటాం. పొద్దున్నే వాకిట్లో బట్టలు ఉతుకుతున్నాను. షాహీన్ చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికొచ్చి, మా గేటు పట్టుకుని, "సరితా, ఆపా పోయిందంటనే" అని అక్కడే కూలబడింది. వదినను ఆమె ఆపా, అంటే అక్క, అని పిలిచేది. అన్న, అంటే వదిన భర్త, ఆ కంగారులో చేతికందిన వదిన ఫోనే తీసుకుని అందులో అన్నిటికంటే పైనున్న నంబరుకు చేశాడట. ఆ నంబరు షాహీన్‌ది. నిద్రలోనే గుండె ఆగిపోయిన మనిషి, ముందు రోజు సాయంత్రం కూడా షాహీన్‌తోనే మాట్లాడిందన్నమాట. నురుగు చేతులతో నిలబడి నేను అడిగిన మొదటి మాట "ఎట్లయింది" అని కాదు. "నీకెవలు చెప్పిన్రు?" అని.

ఎల్లారెడ్డి చేరేసరికి వాకిలి నిండా జనం. మాతోపాటే బండి దిగిన షాహీన్, మా వీధి చివర బట్టలు కుట్టే పద్మ, ఇద్దరూ సరాసరి వెళ్ళి వదిన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడవడం మొదలుపెట్టారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నానో లేదో, ఎవరో "సరితా, నీళ్ళు కాగినయా సూడు" అన్నారు. ఆ వెంటనే ఇంకొకరు "పసుపు ఏడున్నది?" అన్నారు. ఇంటి ఆడమనిషిని కదా. వదినకు ఆఖరి స్నానానికి నీళ్ళు కాచాను, పసుపు వెతికాను, వచ్చినవాళ్ళకు చాపలు వేశాను. ఏడవడానికి వచ్చినవాళ్ళు కడుపారా ఏడ్చారు. పద్మ ఏడుపు చూసి ఒక ముసలామె "పాపం, సొంత మరదలు గావచ్చు" అనడం నా చెవిన పడింది. పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తూ నేను ఆ మాటకు ఏడ్చాను. చూసినవాళ్ళు పొగకనుకున్నారు.

నాకు కుళ్ళే. ఉన్నమాట చెప్పడానికి సిగ్గేముంది? అసూయ అంటే ఏమిటో తెలియని పుణ్యాత్ములు ఎవరైనా ఉంటే ఈ పేజీ తిప్పేయండి. మిగతావాళ్ళం మాట్లాడుకుందాం.

నా తమ్ముడు దుబాయ్ నుంచి తన పిల్లల కోసం ఒక ఆటల పెట్టె తెచ్చాడు. టీవీకి తగిలించి, తెల్లటి రిమోట్ చేతిలో పట్టుకుని గాలిలో ఎలా విసిరితే తెరమీది బొమ్మ కూడా అలాగే విసురుతుంది. టెన్నిస్ ఉంది, బాక్సింగ్ ఉంది, వరుసగా నిలబెట్టిన తెల్లటి సీసాల్లాంటివాటిని బంతి దొర్లించి పడగొట్టే ఆట ఉంది. పిల్లలు ఫోన్లు వదలరు కాబట్టి పెట్టె అటకెక్కింది. నేను అడిగి తెచ్చుకున్నాను. బడిలో ఖోఖో ఆడినదాన్ని, పెళ్ళయ్యాక ఆటన్నది మరిచినదాన్ని. రిమోట్ చేతిలో పడగానే నా ఒంట్లోకి ఎక్కడిదో సత్తువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక షాహీన్‌ను, పద్మను పిలిచేదాన్ని. మా ఆయన మంచం బయట వేసుకునేవాడు. నా ఇల్లు, నా టీవీ, నా పెట్టె, నా స్నేహితురాళ్ళు. గెలిచేది కూడా నేనే.

వదిన కంటి డాక్టరుకు చూపించుకుందామని ఒక ఆదివారం కామారెడ్డి వచ్చింది. మేము సీసాలాట ఆడుతున్నాం. "నాకూ ఒకటియ్యుండ్రి" అంది. రిమోట్ ఇచ్చి "బంతిని దొర్లియ్యాలె వదినా" అన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వంగి, చేతిలోని రిమోట్‌నే నేలమీద దొర్లించింది. అది పోయి దివాన్ కింద దూరింది. "దొర్లియ్యమంటిరి గద!" అంటూ తనే బోర్లా పడుకుని దాన్ని బయటికి తీసింది. కాలు తగిలిందేమోనని రిమోట్‌ను కళ్ళకు అద్దుకుంది. పద్మ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. షాహీన్ కళ్ళు తుడుచుకుంది. అప్పటిదాకా వాళ్ళు నా ఆటకు అలా నవ్వింది లేదు, కనీసం చప్పట్లు కొట్టిందీ లేదు. ఆ తర్వాత నుంచి వదిన ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చేది.

ఆమెకు ఆట రాలేదు, చివరిదాకా రాలేదు. బంతి వెళ్ళిపోయాక చేయి విసిరేది. టీవీలో అవతలివాళ్ళు బంతి కొడితే "మంచిగ కొట్టినవ్ బిడ్డా" అని బొమ్మను మెచ్చుకునేది. సీసాలాటలో ఎప్పుడైనా పొరపాటున అన్నీ పడిపోతే, ఒక్కటి మిగలలేదని నొచ్చుకునేది. "చేనుల పిట్టలకు రెండు కంకులు ఇడువమా? అన్ని ఊడ్సుకపోతే ఏం బాగుంటది?" అనేది. నేను అన్నీ పడగొట్టేదాన్ని. పిట్టలకు ఇడిచే చేను నా దగ్గర లేదు మరి.

ఇంట్లో చాయ్ పెట్టడం మామూలుగా ఇల్లుగలదాని పని. వదిన వచ్చాక దానికీ ఒక కట్టు పెట్టింది. "ఓడినోళ్ళకు మనసుల మనసుండదు. గట్లనే చాయ్ పెడితే నీళ్ళ చాయ్ అయితది. గెలిచినోళ్ళే చాయ్ పెట్టాలె." అందరికీ నచ్చింది. ఎందుకు నచ్చదు? ప్రతిసారీ గెలిచేది నేనే. టెన్నిస్‌లో ముగ్గుర్నీ మట్టి కరిపించి, చెమట తుడుచుకుంటూ వంటింట్లోకి పోయేదాన్ని. పాలు పొంగకుండా చూస్తూ నిలబడితే హాల్లోంచి వాళ్ళ నవ్వులు వినిపించేవి. ఏమన్నదో ఆమె, ఏమి చేసిందో! గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి ముగ్గురూ దివాన్ మీద ఒకరి మీద ఒకరు పడి, "ఏం లేదే, ఊకెనే" అనేవాళ్ళు. అల్లం దంచే రోలుకే ఎన్నిసార్లు నా కోపం చూపించానో. ఓడిపోదామంటే చేయి వినదు.

ఇద్దరిద్దరు ఒక జట్టుగా ఆడేటప్పుడు వదిన ఎన్నడూ నన్ను కోరుకోలేదు. ఒకసారి షాహీన్, ఇంకోసారి పద్మ. నేను ముందు నిలబడితే ఆమె తన జతగత్తెతో వెనక దివాన్ పక్కన నిలబడేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "వదినా, నన్నెందుకు తీసుకోవు? నేను మంచిగ ఆడనా?" ఆమె నా గడ్డం పట్టుకుని, "నువ్వు అవతల ఉంటేనే సొగసే" అంది. ఇది వినడానికి బాగానే ఉంటుంది. అవతల ఉన్నవాళ్ళకు ఎలా ఉంటుందో అడగండి.

బాక్సింగ్‌లో మేమిద్దరం ఎదురెదురుగా నిలబడింది ఒకే ఒక్కసారి. నేను నా కడుపుమంటంతా పిడికిళ్ళలో పెట్టి గుద్దాను. ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడింది తప్ప ఒక్క దెబ్బ వేయలేదు. "కొట్టు ఆపా, కొట్టు!" అని షాహీన్ గంతులు. "తమ్ముని పెండ్లాన్ని కొడితే నా చెయ్యి పడిపోదా?" అంటుంది వదిన. తెరమీద ఆమె బొమ్మ వెల్లకిలా పడింది. ఇటు ఆమె కూడా దివాన్ మీద వెల్లకిలా పడి కళ్ళు మూసుకుంది. పద్మ విసనకర్ర తెచ్చి విసురుతోంది. షాహీన్ నీళ్ళు చల్లుతోంది. నేను గెలిచి, చాయ్ పెట్టడానికి పోయాను.

వదిన మంచిది కాదని నేను అనలేదు, అనను. నా మొదటి కాన్పుకు మా అమ్మ లేదు. వదినే వచ్చింది. తన పని మానుకుని నెల దాటేదాకా మా ఇంట్లోనే ఉంది. కాళ్ళు చాపుకుని పిల్లను వాటిమీద పడుకోబెట్టి నీళ్ళు పోసేది, నాకు సాంబ్రాణి పొగ వేసేది, తల దువ్వేది. ఆ రుణం ఈ జన్మకు తీరేది కాదు. కానీ నా పిల్ల నా ఒళ్ళో గుక్కపెట్టి, ఆమె ఒళ్ళోకి పోగానే ఊరుకునేది. అప్పటి నుంచి ఉంది నాకీ మంట. ఎవరు చూసినా ఆమెనే కోరుకుంటారు. ఆమె ఎవరిని కోరుకుంటుంది? నాకు తెలియాల్సింది అదొక్కటే.

కిందటేడు ఆమెకు గుండె బాగాలేదని, బస్సు ప్రయాణాలు వద్దని డాక్టరు చెప్పాడు. మా ఆయన ఆటల పెట్టెను సంచిలో పెట్టుకుని బండి మీద ఎల్లారెడ్డి తీసుకుపోయాడు. "అక్కకు పొద్దు పోతలేదంట, కొన్నొద్దులు ఉండనియ్యి" అన్నాడు. కాదని ఎలా అంటాను? ఆ తర్వాత చూడాలి. షాహీన్ బస్సెక్కేది. పద్మ కుట్టుపని ఆపి బస్సెక్కేది. "ఆపా రమ్మన్నదే" అని ఒకామె, "పెద్దమ్మ ఫోన్ చేసింది" అని ఇంకొకామె. నాకు ఫోన్ రాలేదు. మా ఆయనతో అంటే, "ఇంటోళ్ళను పిలుస్తరా ఎవలన్న? పిలుపు బయటోళ్ళకు" అన్నాడు. ఇది మా దిక్కు రివాజే. పెళ్ళిళ్ళలో కూడా అక్కచెల్లెళ్ళకు, మరదళ్ళకు బొట్టు పెట్టి ఎవరూ పిలవరు, వాళ్ళే రావాలి. పండగలకు, పబ్బాలకు నేనూ పోయి వచ్చాను, వండిపెట్టి వచ్చాను. ఆటకు మాత్రం పిలిస్తేనే పోదామని కూర్చున్నాను. ఆమె పిలవలేదు. ఒకవేళ పిలవకుండానే వస్తానని చూసిందేమో.

దినాలు అయిపోయాయి. ఒక ఆదివారం నేనొక్కదాన్నే ఎల్లారెడ్డి బస్సెక్కాను. షాహీన్ తోడొస్తానంటే వద్దన్నాను. నా పెట్టె నేను తెచ్చుకోవడానికి ఒకరి తోడెందుకు? లింగంపేట దాటుతుంటే రోడ్డు పక్కన మక్కలు ఆరబోసి ఉన్నాయి. అన్నను ఏమని అడగాలో, మాట పెళుసుగా రాకుండా ఎలా అడగాలో లోపల అనుకుంటూ పోయాను.

ఇంట్లో అన్న ఒక్కడే ఉంటాడనుకున్నాను. వాకిట్లోనే గలగలా మాటలు. ఆ వాడకట్టు ఆడవాళ్ళు బీడీలు చుట్టే చాటలు అరుగు మీద పెట్టి లోపల టీవీ ముందు నిలబడి ఉన్నారు. నా రిమోట్లు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. అన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఆమె ఉన్నప్పుడు వచ్చేటోళ్ళు. ఇప్పుడు రావద్దని ఎట్లంటమ్మా" అన్నాడు. వాళ్ళలో పెద్దామె గంగవ్వ నా చేతిలో ఖాళీ సంచి చూసింది. "పెట్టెకు వచ్చినవా బిడ్డా? తీస్కపో, నీదే గద. ఒక్క ఆట ఆడి ఇస్తం, కూసో."

కూర్చున్నాను. టెన్నిస్ పెట్టారు. మొదటి ఆమె బంతి వేసే ముందు కొంగు తీసి నడుముకు బిగించి దోపింది. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టింది. ఎడమకాలి మీద ఒక చిన్న గంతు వేసి, "హుఁ" అని చేయి విసిరింది. కాలు నొప్పేమో అనుకున్నాను. రెండో ఆమె వంతు వచ్చింది. అదే కొంగు, అదే నాలుక, అదే గంతు. మూడో ఆమె కూడా అంతే. నాకు భగ్గుమంది. వదిన వీళ్ళకేదో ప్రత్యేకంగా నేర్పింది. నా ఇంట్లో, నా పెట్టెతో ఆడినన్నాళ్ళూ నాకు చూపించని దెబ్బ ఈ ఊరివాళ్ళకు చూపించింది.

"ఏందవ్వా గది?" అన్నాను గంగవ్వతో.

"మీ వదినె నేర్పింది. మరదలి దెబ్బ అంటం."

"ఏ మరదలు? షాహీనా, పద్మనా?"

గంగవ్వ నన్ను వింతగా చూసింది. "వాళ్ళు మరదండ్లెట్లయితరే? ఆమెకున్నది ఒక్క తమ్ముడు, ఒక్క మరదలు. 'నా మరదలు ఆడంగ సూడాలె గంగవ్వా, టీవీ ఎవలు సూస్తరు' అనేది. నీ ఎనుక నిలబడి నువ్వెట్ల ఎగురుతవో, నాలుక ఎట్ల కరుస్తవో అంత సూసి, ఈడికొచ్చి మాకు చేసి చూపిచ్చేది. సరింగ రాకపోతే మల్ల ఎగురుమనేది. అందరికి వచ్చేదాక ఇడువలే."

"నాతోని ఒక్కనాడు చెప్పకపాయె గద అవ్వా."

"చెప్తే సిగ్గుపడి బందు చేస్తవంట. 'ఇంక నేనేం సూడాలె' అన్నది."

నేను గంతు వేస్తానని నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అక్కడున్న ప్రతి మనిషి మీదా నాకు కుళ్ళు పుట్టింది. వదిన నాలాగా ఎగరడం వాళ్ళంతా చూశారు, నేను చూడలేదు. "ఇంకోసారి చెయ్యుండ్రి" అన్నాను. వాళ్ళకు ఏమర్థమైందో, ఆట ఆపి, టీవీకి వీపు చేసి, నా వైపు తిరిగి వరుసగా నిలబడ్డారు. రిమోట్లు ఇద్దరి చేతుల్లోనే ఉన్నాయి. మిగతావాళ్ళవి బీడీ ఆకు మరకలున్న ఖాళీ చేతులు. గంగవ్వ కొంగు బిగించింది. అందరూ బిగించారు. నాలుకలు పళ్ళ మధ్యకు వచ్చాయి. వదిన ఇంట్లో, వదిన లేని ఆ గదిలో, అంతమంది నేనులు ఎడమకాలి మీద ఒక్కసారే గంతు వేసి చేతులు విసిరారు.