వరుస చెడితే ఫిన్‌బార్ ఊరుకోడు

ఫిన్‌బార్ గీరీకి వంకర పడదు. కొందరికి వంకాయ తింటే ఒళ్లంతా దురద పుడుతుందే, అతనికి వంకర చూస్తే పుడుతుంది.

డబ్లిన్‌లో అతనుండే వీధిలో ఇళ్లన్నీ ఒకదాని భుజం ఒకటి ఆనుకుని ఎర్ర ఇటుకల్లో నిలబడి ఉంటాయి. కిందంతస్తుల్లో పైకి లేపి తెరిచే పొడుగు కిటికీలు, పైకి పోయేకొద్దీ పొట్టివి, ప్రతి తలుపు నెత్తినా విసనకర్రలాంటి అద్దం. రెండు వందల ఏళ్ల కిందట ఎవడో గీత గీసినట్టు కట్టిపోయాడు. ఆ గీతకు కాపలా తనదేనని ఫిన్‌బార్ నమ్మకం. ఆ ఉద్యోగం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

పొద్దున్నే ఎదుటి పేవ్‌మెంట్ మీద చేరి తల ఎత్తుతాడు.

"మిసెస్ హాన్రటీ, మీ పై కిటికీ బెత్తెడు ఎక్కువ లేపారు."

"గాలి కోసమయ్యా."

"గాలి పక్కింటివాళ్లకీ కావాలిగా. వాళ్లెంత లేపారో మీరూ అంతే లేపండి. తలుపు రంగు మీ ఇష్టం, మిగతాదంతా వరుస ఇష్టం."

పక్కింటి నోయెల్ తన తలుపుకి గుమ్మడిపండు రంగు వేస్తే ఫిన్‌బార్ కిమ్మనలేదు. తలుపు తట్టే ఇత్తడి కడియాన్ని వేలెడు కిందికి బిగించాడని మాత్రం వారం రోజులు అన్నం మానేసినవాడిలా తిరిగాడు.

బ్రీజ్ హాన్రటీ భర్త మలాకీ పోయినప్పుడు శవపేటికను ముందు గదిలో ఉంచారు. వీధంతా వరుసగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వెళుతోంది. ఫిన్‌బార్ మాత్రం జేబులోంచి మేస్త్రీలు వాడే రసమట్టం తీసి పేటిక అంచు మీద పెట్టాడు.

"మలాకీ కాళ్లవైపు పల్లంగా ఉన్నాడండీ," అని పేపరు మడిచి కింద దోపాడు. అంత ఏడుపులోనూ బ్రీజ్‌కు నవ్వొచ్చింది.

ఈ శీతాకాలం ఆమె మోకాళ్లు మొరాయించాయి. వాకిట్లో రాతి మెట్లు మంచుకి అద్దంలా తయారయ్యాయి. పక్కనున్న కంచెను పట్టుకుందామంటే అన్నీ ఈటెమొనలే. ఒకసారి జారి, ఎలాగో బతికి బయటపడింది. చెల్లెలి కూతురు డీర్డ్రె పరిగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, చేతికి ఆసరాగా కమ్మీ అన్నా పెట్టించుకో, మూట సర్దుకుని నాతో అన్నా వచ్చెయ్."

పెళ్లికూతురిగా ఎక్కిన మెట్లు దిగిపోవాలంటే బ్రీజ్‌కు ప్రాణం ఒప్పలేదు. అడగకుండా కమ్మీ పెట్టిస్తే రోజూ సాధిస్తాడని, కోటు వేసుకుని ఆ మాట చెప్పడానికి ఫిన్‌బార్ ఇంటికి వెళ్లింది.

అతను టీ కప్పు కింద పెట్టేశాడు. "ఒక్క మీ ఇంటికేనా?"

"మోకాళ్లు నావేగా."

"కుదరదండీ. నోటి నిండా పళ్లుండి ఒక్కదానికే బంగారం తొడిగినట్టుంటుంది."

"అయితే నీ వరుసను నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు," అని వచ్చేసింది. కచ్చగా పై కిటికీ పూర్తిగా లేపి వదిలేసింది. విచిత్రం, ఫిన్‌బార్ నోరు మెదపలేదు. ఆమెకు ఇంకా మండింది. డీర్డ్రె దగ్గరికే వెళ్లిపోదామని పింగాణీ సామాను పేపర్లలో చుట్టడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకు వీధిలో సుత్తి దెబ్బలు వినబడ్డాయి. బ్రీజ్ తలుపు తీసింది. వరుసలో ప్రతి ఇంటి మెట్లకూ ఒకే ఎత్తున, ఒకే వంపుతో నల్లటి ఇనుప కమ్మీ. నోయెల్ తన దాన్ని చూసి గొణుగుతున్నాడు.

"నేను మెట్లు ఒక్క దూకులో దిగేవాణ్ని, నాకెందుకయ్యా అంటే వినడే. ఒప్పుకునేదాకా గుమ్మం వదల్లేదు."

"ఎందుకని చెప్పాడు?"

"ఇంకేం చెబుతాడు? వరుస కోసమట."

బ్రీజ్ కమ్మీ పట్టుకుని మెట్లు దిగి, రోడ్డు దాటి ఎదుట నిలబడ్డ ఫిన్‌బార్ దగ్గరికి వెళ్లింది.

"అన్ని ఇళ్లకీ ఎందుకయ్యా?"

ఫిన్‌బార్ ఆమె వంక చూడకుండా ఇళ్లవంకే చూశాడు. "ఒక్క ఇంటికే ఉంటే, ఈ ఇంట్లో మోకాళ్లు పోయిన ముసలమ్మ ఉందని దారిన పోయేవాడల్లా అనుకోడా? ఇప్పుడెవడు చెప్పగలడు?"

బ్రీజ్ కమ్మీ పట్టుకుని ఇంట్లోకొచ్చి, మేడెక్కి, కిటికీ కిందికి దించింది.

"ఇంకో వేలెడు, మిసెస్ హాన్రటీ," అన్న కేక వినబడింది.

ఆ వేలెడూ ఆమె దించలేదు. రేపు పొద్దున్న అతనికి పని ఉండాలి కదా.