ముక్కుపొడి మానేసిన అత్త

నా ఒంటి మీద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద తెల్లటి బిళ్ళ ఒకటి అతుక్కుని ఉంటుంది. బయట ట్యూబు వేలాడని ఇన్సులిన్ పంపు. దాని అడుగునున్న సన్నటి గొట్టం చర్మం కిందికి దిగి మందు వదులుతుంది. చిన్నప్పటి నుంచీ నా ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు, ఆ బిళ్ళే దిక్కు. మూడు రోజులకొకసారి పీకి, చోటు మార్చి కొత్తది అంటించాలి. పండగైనా జ్వరమైనా అంతే. చేసి చేసి విసుగొచ్చింది నాకు.

తప్పు నాదే. నందికొట్కూరులో మా స్టీలు సామాన్ల అంగడిలో పొద్దస్తమానం వంగుతూ లేస్తూ ఉంటాను. ఒక మే నెలలో, చీర కింద ఎవరికీ కనబడదని, బిళ్ళను లంగా బొందు బిగించే చోటే అంటించాను. వంగినప్పుడల్లా బొందు ఒరుసుకుంది. చెమటకు అంచు లేచింది. నేను చూసుకోలేదు.

మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టింది. చెంబులకు చెంబులు తాగినా దప్పిక తీరలేదు. మా ఊళ్ళో మే నెలలో దప్పిక లేనిదెవరికి? ఇంటికొచ్చి గోడకు కూలబడితే మా అత్త తేల్చేసింది.

"ఎండకు వేడి చేసిండాదమ్మే. ఈడ పండుకో."

"షుగరేమో అత్తా" అన్నాను నీరసంగా.

"దానికి బిళ్ళ ఉండాది కదా, అదే చూసుకుంటాది."

నేనూ నమ్మాను. వేలికి సూది గుచ్చి చూసుకోవడానికి బద్ధకించాను. ఆమె నా బొడ్డు చుట్టూ ఆముదం రాసింది, మా వైపు వేడికి అదే వైద్యం. చక్కెర దండిగా వేసి నిమ్మకాయ నీళ్ళు రెండు లోటాలు తాపింది. ప్రాణం లేచొచ్చినట్టే అనిపించింది.

వాంతయ్యాక గానీ మీటరు తీయలేదు. అంకె కూడా చూపకుండా 'హై' అంది. బిళ్ళ కింద తడి. చెమట కాదు, ఆసుపత్రి వరండా వాసన. ఇన్సులిన్‌ది అదే వాసన. గొట్టం ఊడి, పొద్దున్నుంచీ మందంతా లంగాకే పోతోంది! ఇంట్లో సిరంజీ, విడిగా మందు ఉన్నాయి కాబట్టి ముందు పొడుచుకున్నాను. కొత్త బిళ్ళ ఆముదం మీద నిలిస్తేనా? సబ్బుతో కడిగినా జారిపోయింది, ఇంకో చోట అంటించే ఓపిక లేదు. కర్నూలు ఆసుపత్రిలో మూడు రోజులు సెలైన్ ఎక్కించారు.

"షుగర్ దిగకపోతే మొదట బిళ్ళనే అనుమానించాలి, వాంతులైతే ఇంట్లో ఉండకూడదు" అని డాక్టరమ్మ తిట్టింది. అన్నీ నాకు తెలిసినవే. తెలిసీ పడుకున్నందుకు నా మీద నాకే కోపం.

మంచం పక్కన అత్తది ఒకటే మాట. "నేనే నా చేత్తో తాపితి కదమ్మే."

ఏదో ఒకటి అనాల్సింది. ఓపిక లేక కళ్ళు మూసుకున్నాను. ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు బిళ్ళను జబ్బ వెనక అంటిస్తున్నాను. పొద్దున అంగడికి బయలుదేరే ముందు వేలికి గుచ్చుకుని షుగర్ చూసుకుంటాను. అప్పుడే అత్త వచ్చి, నా జాకెట్టు చేయి పైకి జరిపి బిళ్ళ వాసన చూస్తుంది. రోజూ ఇదేం తంతు అని విసుక్కునేదాన్ని. మొన్న బజారుకు పోతూ, ఆమె ముక్కుపొడి డబ్బీ శానా రోజులుగా కనబడలేదని గుర్తొచ్చింది. తన పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు ఆమెకు. తెమ్మంటావా అని అడిగాను.

"మానేస్తి" అంది. "పొడి పీలిస్తే నీ మందు వాసన తెలియదమ్మే."

ఈసారి జాకెట్టు అంచు నేనే పైకి జరిపాను. చేయి చాపాను.