కబురు లేకపోతే క్షేమమే

సౌదీలోని జుబైల్‌లో నా ఉద్యోగపు చివరి షట్‌డౌన్ అది. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే ఆ నెలంతా, పొద్దున ఐదున్నరకు పని మొదలయ్యే ముందు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన సేఫ్టీ మేనేజరు బోర్డు మీద వాళ్ల దేశపు సామెత ఒకటి రాసేవాడు. రోజువారీ పనులకు అనుమతి కాగితాలిచ్చే పర్మిట్ ఆఫీసు గుమాస్తాగా నేను దాన్ని మనవాళ్లకు తెలుగులో చెప్పాలి. చెప్పినది ఏ రోజుకారోజు డైరీలో రాసుకునేవాణ్ణి.

మనవాళ్లంటే జగిత్యాల, నిజామాబాద్ వైపు ఫిట్టర్లు, పన్నెండు మంది. వాళ్లకు ఆ సామెతలు కాలక్షేపం. చూస్తూ కూర్చుంటే కుండ మరగదని ఒకరోజు చెబితే, వాళ్లలో పెద్దవాడు, "అట్లయితే మమ్ముల ఫైర్ వాచ్‌కు ఎందుకు నిలవెడుతున్రు సార్?" అన్నాడు. వెల్డింగు దగ్గర నిప్పు అంటుకుంటుందేమోనని చూస్తూ నిలబడే పని అది. మేనేజరుకు చెబితే అతనూ నవ్వాడు.

ఆ పెద్ద ఫిట్టరుకు తల్లి రోజూ వాట్సాప్‌లో నాలుగు మాటలు మాట్లాడి పంపేది. మూడో వారంలో అవి ఆగిపోయాయి. అడిగితే అమ్మ ఫోన్ ఖరాబైందని తమ్ముడు చెప్పాడట. మూడు రోజులు చూసి, లీవు కాగితం, దేశం దాటి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ ఫారం నింపుకుని నా దగ్గరకు వచ్చాడు. పోవాలా, షట్‌డౌన్ అయ్యేదాకా ఆగాలా అని అడిగాడు. మధ్యలో వెళ్లినవాణ్ణి మళ్లీ తీసుకుంటారన్న నమ్మకం లేదు.

ఆ ఉదయం బోర్డు మీదున్న సామెతను గంట క్రితమే అందరికీ చెప్పి ఉన్నాను. అదే మళ్లీ చెప్పాను.

"కబురు లేదంటే క్షేమమనే. ఏదైనా అయితే ఈపాటికి చెప్పేవాళ్లు."

"పెద్దోళ్లు ఉత్తగ అనరు గద సార్," అని ఫారాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆనాటి డైరీ పేజీ ఈమధ్య తీసి చూశాను. గాలి ఉత్తరం నుంచి, ముప్పై ఒక్క పర్మిట్లు, సామెత. అతను వచ్చి వెళ్లినట్టు లేదు.

తల్లికి అప్పటికే పక్షవాతం వచ్చింది. చెబితే పనిలో ఆగమవుతాడని తమ్ముడు దాచాడు. అతను నా బల్ల ముందు నిలబడ్డనాటికి ఆమెకు ఇంకా మాట ఉంది. ముద్దముద్దగా పెద్దకొడుకునే అడుగుతోందట. మరో రెండు రోజులకు మాట పూర్తిగా పడిపోయింది. అప్పుడు చెప్పారు.

ఈసారి ఫారాలు నేనే మేనేజరు దగ్గరకు తీసుకుపోయి సంతకం చేయించాను. ఫిట్టరు ఆ రాత్రే బయల్దేరాడు. నాకు అప్పుడేమీ అనిపించలేదు. మర్నాడు మరో సామెతను తెలుగు చేసి మిగిలిన పదకొండు మందికి చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

ఇల్లు చేరాక అతను వీడియో కాల్ చేశాడు. ఫోన్ తల్లి వైపు తిప్పి, "అమ్మా, మా సార్," అన్నాడు. ఆమె చూపు నా మీద నిలిచింది. పెదవి ఒక పక్కకు కదిలింది. నేను చేతులు జోడించాను. సార్‌కు డ్యూటీ ఉంటది, పెట్టెయ్యమని వెనక నుంచి ఎవరో అన్నారు. అతను పెట్టలేదు. నేనూ పెట్టలేదు.