స్టేటర్‌కు పట్టు పరీక్ష

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. కంబదూరు దారిలో నాయన మోటారు సైకిల్ ఆగిపోతుందని నాకు ముందే తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరల వ్యాపారి. మగ్గాల వాళ్ల దగ్గర చీరలు తీసుకుని, మూటకట్టి బండి వెనక వేసుకుని, పెళ్లిళ్లు కుదిరిన ఇళ్లకు ఊరూరా తిరిగేవాడు. దాన్ని ఆయన ‘టూరు’ అనేవాడు. తాడిపత్రి, యాడికి, కంబదూరు ఆ టూరులో ముఖ్యమైన దేశాలు.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం ఆ బండి మొరాయించింది. పొద్దున బ్యాటరీ చార్జింగ్ చేయించి తెస్తే మధ్యాహ్నానికి ఖాళీ. లోపల కరెంటు పుట్టించే తీగచుట్ట కాలిపోయిందని, దాన్ని స్టేటర్ అంటారని, కొత్తది వేయాలని మెకానిక్ చెప్పాడు. మా ఇంట్లో ఆ మాట అంతకుముందే తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇందులో నా గొప్పేమీ లేదు. చదవడానికేమీ దొరకని ఇంట్లో, బండితోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని కూడా నేను వదల్లేదు. అందులో నాయకుడూ నాయికా లేరు గానీ బొమ్మలు బాగుండేవి. మా బండి స్టేటర్ నుంచి మూడు తీగలు బయటికి వస్తాయని, ఇంకో రకానికి రెండే ఉంటాయని, దీని బదులు అది వేయకూడదని అందులో స్పష్టంగా ఉంది.

కాలేజీలో సర్టిఫికెట్ తెచ్చుకునే పని ఉండి నేనూ నాయన వెంట అనంతపురం వెళ్లాను. స్పేర్ పార్టుల అంగడాయన రెండు స్టేటర్లు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఒకటి మసకగా, మూడు తీగలతో ఉంది. రెండోదానికి రెండే తీగలు. కానీ అది ధగధగలాడుతోంది. రాగి చుట్టలమీద పసుపుపచ్చని గుడ్డపట్టీ ముచ్చటగా చుట్టి ఉంది.

నాయన చెయ్యి నేరుగా దానిమీదికే పోయింది. చీర అంచు నిమిరినట్టు బొటనవేలితో నిమిరాడు. గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఎండలో అటూ ఇటూ తిప్పాడు. తరువాత పట్టీ కొసనుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు.

“అన్నా! ఏం జేస్తాండావన్నా?” అంగడాయన బల్ల దాటి ఇవతలికి వచ్చాడు.

“ఉండప్పా.” నాయన కాలిన పోగును వేళ్లతో నలిపి వాసన చూశాడు. ముఖం వెలిగింది. “కాలిన ఎంటికల వాసన! ఇది అసలైన పట్టు. ఇంత మంచి పట్టు చుట్టినోడు లోపల దొంగపని చేస్తాడా?”

“నువ్వు బండికి కొంటాండావా, పెండ్లికూతురికి కొంటాండావా? నీ బండికి మూడు తీగలేమో, తెలుసుకోన్నా.”

“రెండుతో అయ్యే పనికి మూడెందుకప్పా? యాపారం నాకు నేర్పించొద్దు.”

సరిగ్గా అప్పుడే నేను ‘మూడు’ అనాలి. నోరు తెరిచాను కూడా. అంగట్లో ఉన్న నలుగురు మగవాళ్లూ నావైపు చూశారు. వెంటనే నా కాలి బొటనవేళ్లు రెండూ ఉన్నాయో లేదో చూసుకోవలసి వచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం డైరీలో ఒక పేజీ నిండా గట్టిగా వాదించాను. డైరీ మారుమాట లేకుండా ఒప్పుకుంది.

మెకానిక్ అడగకపోలేదు. “ఒక తీగ తక్కువుండాదే అన్నా” అన్నాడు. “బిగించప్పా” అన్నాడు నాయన. బండివైపు జత దొరకక మిగిలిన మూడో తీగకు మెకానిక్ టేపు చుట్టి ఒక మూలకు మడిచిపెట్టాడు.

నాలుగో రోజు కంబదూరు టూరు. మా తాత కాలం నుంచి వాడుకగా చీరలు తీసుకునే ఇల్లు. పెద్దకూతురి పెళ్లిచీరలు పదింటికల్లా చూపిస్తానని నాయన మాటిచ్చాడు. కళ్యాణదుర్గం దాటాక బ్యాటరీ మళ్లీ ఖాళీ అయి బండి ఆగింది. చెట్టన్నది లేని, కోతయిపోయిన వేరుశనగ చేల మధ్య బండిని మూటతో సహా తోసుకుంటూ వెళ్లేసరికి, బస్సులో వచ్చిన ఇంకో వ్యాపారి చీరలకు అప్పుడే పసుపు పెట్టేశారు. ఆ ఇంటాయన మంచివాడే. ముందు మజ్జిగ ఇచ్చి, తరువాత చెప్పాడట: “చిన్నదానికి గూడా కుదిరింది. వచ్చే బుధవారం పదికల్లా రా. ఆ పొద్దు గూడా రాకుంటే ఇంక మా వాకిలి తొక్కొద్దు.”

రెండు రోజులు నాయన అన్నం సరిగా తినలేదు. రోడ్డును తిట్టాడు, ఎండను తిట్టాడు, బ్యాటరీని, మెకానిక్‌ను తిట్టాడు. పట్టును మాత్రం ఒక్క మాట అనలేదు.

మూడో రోజు నాయన మళ్లీ అనంతపురం అంగడికి బయలుదేరుతుంటే నేనూ వస్తానన్నాను.

“ఏం, ఇంకో సర్టిఫికెట్టా?”

“కాదు” అన్నాను.

అంగట్లో బండి పుస్తకం తీసి బల్లమీద పెట్టి, బొమ్మ మీద వేలు ఉంచాను. “మూడు తీగలుండేది” అన్నాను.

“ఏమ్మా? వినపళ్ళే” అన్నాడు అంగడాయన.

రెండోసారి ఎంత గట్టిగా వచ్చిందంటే, పక్క అంగడివాళ్లు కూడా తొంగిచూశారు. అంగడాయన నవ్వి, ఆ మసక స్టేటరే తెచ్చి మీటరు పెట్టి చూపించాడు. ముల్లు కదిలింది. నాయన దాన్ని అన్నివైపులా తిప్పాడు. లాగడానికి పోగు దొరకలేదు. అగ్గిపెట్టె మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“ఈ పుస్తకం ఎప్పుడు సదివినావు?” అన్నాడు బస్సులో.

“నిన్న” అన్నాను.

బుధవారం తెల్లారగానే నాయన బయలుదేరాడు. ఆ రోజు ధర్మవరంలో తిరిగిన ప్రతి మోటారు చప్పుడుకూ అమ్మ వాకిట్లోకి వచ్చింది. నేను ఒకే పేజీని పొద్దంతా చదివాను. మూడింటికి నాయన వచ్చాడు. చీరలు లేవు. మూటగుడ్డ ఒక్కటే మడతపెట్టి బండికి కట్టి ఉంది. చెంబెడు నీళ్లు తాగి, ముఖం తుడుచుకుని, నావైపు చూడకుండా అన్నాడు:

“రేపు యాడికికి పోవాల. బ్రేకు కీచుమంటాండాది. ఆ పుస్తకం సూడు. అంగట్లో చెప్పేకి సిగ్గయితే, ఇంట్లోనే చెప్పి సావు.”