పల్లికాయ పరిగె

మా అమ్మను దొంగ అన్నారని తెలిసి, ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మరీ గొడవకు వెళ్లాను. ఆ గొడవంటే నాకు ఇప్పటికీ గర్వమే.

కర్దనూర్ దగ్గర ఒక విత్తనాల కంపెనీ జన్యువులు మార్చిన పల్లికాయను ప్రయోగానికి వేసింది. పీకడానికి అమ్మతో పాటు ఊరి ఆడవాళ్లను పిలిచారు. మా వైపు పల్లిచేను పీకాక మట్టిలో మిగిలిన కాయ ఏరుకున్నవాళ్లదే. దాన్ని పరిగె అంటాం. ఎవరినీ అడగక్కర్లేదు. అమ్మ అలాగే గుప్పెడు కాయలు కొంగున ముడేసుకుంది. గేటు దగ్గర ఆ ముడి విప్పించి, దొంగతనం చేశావంటూ ఇక పనికి రావద్దన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం షేర్ ఆటో ఎక్కి వెళ్లాం. చేను పక్కనే ఉన్న ఆఫీసు గదిలో, సూపర్‌వైజర్ టేబుల్ మీద ఆ కాయలు కవర్లో పెట్టి ఉన్నాయి.

నేనేమీ జన్యువులు మార్చే విద్యకు శత్రువును కాను. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలోనే నా ఉద్యోగం. అమ్మ షుగరుకు రోజూ పొడుచుకునే ఇన్సులిన్, మనిషి జన్యువు ఎక్కించిన సూక్ష్మజీవులు తయారుచేసిందే. ఆ సూది లేకపోతే అమ్మ నాకు దక్కేది కాదు. ఎండకు తట్టుకునే పంట వస్తానంటే రానీ, సంతోషమే. ఇదంతా ప్రకృతికి విరుద్ధమని ఏసీ గదుల్లో ఉపన్యాసాలిచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చేలో వంగేవాళ్లకు అది ఏ పంటో ఒక్క ముక్క చెప్పనివాళ్లను చూస్తే ఇంకా మండుతుంది.

"పరిగె ఏరుకుంటే దొంగతనం ఎట్లయితది సార్?" అన్నాను.

"గది గాదమ్మా. పరీక్షలు ఇంకా అయిపోలే. బయటి విత్తనంల కలిస్తే తిప్పలు. తినొద్దు గూడ" అన్నాడు సూపర్‌వైజర్.

అమ్మ అతని వైపు ఒక అడుగు వేసింది. "తినొద్దా? గా మాట ఎప్పుడు చెప్పినవ్? నిన్న గేటు కాడ గూడ ఇంటికి కొంచపోవద్దని ఒక్కటే అన్నవ్. పీక్కుంట పీక్కుంట అందరం తిన్నం. పల్లికాయ పీకెటోళ్ల నోరు ఊకుంటదా?"

అతని మొహం పాలిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే కదా అని నాకు కోపం ముంచుకొచ్చింది.

"ఏం గాదులే" అన్నాడతను.

"గట్లయితే నువ్వొకటి తిను." అమ్మ కవరు అతని ముందుకు జరిపింది.

అతను ముట్టుకోలేదు. గొంతు తగ్గించి, "రేపటి సంది పనికి రా. అందరికి ముందుగాలనే చెప్త" అన్నాడు.

పని దొరికింది కదా, ఇక చాలు అనుకునే మనిషి కాదు మా అమ్మ. "రేపేంది? ఇయ్యాల చేన్ల ఉన్నోళ్లు మనుషులు గారా?" అంటూ బయటికి నడిచింది. ఆగమని అతను వెనకాలే పరిగెత్తాడు. నేను అతనికి అడ్డం నిలబడ్డాను. అమ్మ గట్టెక్కి, చేను చేనంతా వినబడేలా కేకేసింది.

"నోట్లది ఉమ్ముండ్రే! గిది తినొచ్చో తినొద్దో వీళ్లకే ఎర్కలేదంట!"