ముద్ద ముట్టని పటేల్

2022 వేసవి నాటికి నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పక్షుల బోర్డింగ్ మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. బోర్డింగ్ అంటే, ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు తమ పెంపుడు చిలుకలను కొన్నాళ్ళు వదిలి వెళ్ళే చోటు. మెట్రో పిల్లర్లున్న పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగితే హాస్టళ్ళు, జిరాక్స్ దుకాణాలు, వాటి మధ్య నేను కిరాయికి తీసుకున్న రెండు మల్గీలు, అంటే దుకాణం గదులు. ముందుదాంట్లో గింజలు, పంజరాలు అమ్ముతాను. అడిగినవాళ్ళకు, నాకు నమ్మకం కుదిరితే, పక్షులనూ అమ్ముతాను. వెనకదాంట్లో బోర్డింగ్ పక్షులు ఉంటాయి.

మా తాతల కాలంలో హయత్‌నగర్ అవతల కొన్ని ఊళ్ళకు మా ఇంటివాళ్ళే పెద్దలు. మమ్మల్ని దొరలనీ, మా పెద్ద ఇంటిని గడి అనీ అనేవాళ్ళు. ఆ భూములు కొన్ని చట్టం వల్ల, కొన్ని మా వాళ్ళ చేతకానితనం వల్ల పోయాయి. ఇప్పుడక్కడ ఎవరెవరివో ఇళ్ళు. దాని గురించి నేను ఎవరి దగ్గరా వాపోలేదు. కానీ కొన్ని అలవాట్లు మనిషిని వదలవు. ఇస్త్రీ చొక్కా లేకుండా దుకాణం తెరవను. బేరమాడను. రామచిలుక కావాలని వచ్చినవాళ్ళతో, మన అడవి చిలుకలను పట్టడం, అమ్మడం, పెంచడం చట్టప్రకారం నేరమని ఒక్కసారే చెబుతాను. రెండోసారి అడిగితే జవాబు ఇవ్వను. నా దగ్గరుండేవి విదేశీ జాతులు, పంజరాల్లోనే పుట్టి పెరిగినవి, కాగితాలు సరిగ్గా ఉన్నవి.

ఏప్రిల్‌లో ఎల్బీనగర్ నుంచి శ్రీనివాస్ అనే అతను ఒక ఆఫ్రికన్ గ్రేను తెచ్చాడు. బూడిదరంగు ఒళ్ళు, ఎర్ర తోక ఉండే ఈ చిలుక చిలుకలన్నిటిలోకీ తెలివైనదని పేరు. సరిగ్గా చూసుకుంటే నలభై, యాభై ఏళ్ళు బతుకుతుంది. అతను పంజరాన్ని కారు ముందు సీటులో పెట్టి, దానికి బెల్టు కట్టి తెచ్చాడు. మనిషి మంచివాడే అనుకున్నాను.

“అన్నా, జర దీన్ని ఒక నెల ఉంచుకోండ్రి. ఇంట్ల పరేషాన్ ఉంది. నేను, నా భార్య విడిపోయినం. చిలుక నాదంటె నాదని లొల్లి. తేలేదాంక ఎవలొచ్చినా ఇయ్యకండ్రి.”

“చూడడానికి వస్తే?”

“సూడనీయండ్రి. ఇంటికి మాత్రం పంపొద్దు.”

పేరు అడిగితే పటేల్ అన్నాడు. “మా అమ్మ పెట్టింది. ఛాతి ముంగటికేసుకోని ఊరి పటేల్ లెక్క నడుస్తదని.” నిజమే. పంజరం తలుపు తీయగానే అది బయటికి వచ్చి, బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి, నా మల్గీని తనిఖీ చేసింది.

కొత్త చోట ఒకటి రెండు రోజులు పక్షి తినకపోతే నేను కంగారుపడను. పటేల్ ఆ తర్వాత కూడా తినలేదు. ఉడికించిన మొక్కజొన్న, జామ, మునగాకు, దొండకాయ, అన్నీ పెట్టాను. ఒక్కో ముక్కను ముక్కుతో ఎత్తి, చూసి, కింద వదిలేసేది. చిలుకలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. అందుకే రోజూ పొద్దున్నే చిన్న త్రాసు మీద వాటిని తూచడం మా వృత్తిలో మొదటి నియమం. పటేల్ బరువు రోజురోజుకూ తగ్గింది. రొమ్ము ఎముక చేతికి కత్తి అంచులా తగలసాగింది. పక్షుల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి జబ్బేమీ లేదన్నారు. “మీరు ట్యూబుతో పట్టండి. కానీ దానంతట అది తినకపోతే ఎక్కువ కాలం నిలవదు,” అన్నారు. పలచటి తిండిని ట్యూబుతో నేరుగా క్రాప్‌లోకి, అంటే గొంతు కింద తిండి నిలవుండే సంచిలోకి, ఎక్కించాలి. పటేల్ అది చేయించుకునేది. ఆ తర్వాత నావైపు వీపు పెట్టి కూర్చునేది.

గ్రే చిలుక ఇంట్లో ఒక్కరినే తన మనిషిగా ఎంచుకుంటుందని మా వృత్తిలో ఒక మాట ఉంది. పటేల్‌కు ఆ ఒక్కరు ఎవరో తెలిస్తే చాలనుకున్నాను. ఫోన్ చేస్తే శ్రీనివాస్, అది తన చేతిది ఎన్నడూ తినదని, తల్లికీ భార్యకూ కబురు చేస్తానని అన్నాడు.

మొదట వచ్చింది శ్రీనివాస్ తల్లి యాదమ్మ. అరవై దాటిన మనిషి. చేతిలో స్టీలు డబ్బా. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయింది.

“మీరు గడి దొర మనుమడు గాదా? మాది మీ పాత ఊరే. గా నిలవడుడు సూస్తెనే ఎరుకైంది.”

“ఇక్కడ దొర ఎవరూ లేరమ్మా. దుకాణదారుడే ఉన్నడు. లోపలికి రండి.”

ఆమె చెప్పులు బయటే విడిచింది. పటేల్ ఆమెను చూడగానే రెక్కలు విప్పి, ఎగిరి భుజం మీద వాలి, కొప్పులోంచి వెంట్రుకలు లాగడం మొదలుపెట్టింది. ఆమె గింజ పెట్టింది. పటేల్ తీసుకుంది, వదిలేసింది.

“మనాది పెట్టుకున్నడు దొరా,” అంది యాదమ్మ. “దాని కోసం.”

మనాది అంటే బెంగ. “దాని” అంటే కోడలు ప్రసన్న. రెండు రోజుల తర్వాత ఆమె వచ్చింది. తెనాలి అమ్మాయి. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతుంది. ఇల్లు వదిలాక అక్కడే పీజీలో ఉంటోంది. ఎందుకు విడిపోయారో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

“వీడి కోసం నాన్-స్టిక్ పెనాలన్నీ ఇంట్లోంచి తీసేశానండీ,” అంది. ఆ పెనాలు మాడితే వచ్చే పొగ చిలుకల ఊపిరి తీస్తుంది. సాంబ్రాణి పొగా మంచిది కాదు. “మా అత్తయ్య అయితే శుక్రవారం సాంబ్రాణే మానేశారు. దేవుడికైనా నచ్చజెప్పొచ్చు, పటేల్‌కి చెప్పలేం అన్నారు.”

పటేల్ ఆమె గడ్డం కింద నుదురు ఆనించి, గొంతులోనే ఏదో గొణిగింది. ఆ చప్పుడు నేను అంతకుముందు వినలేదు. చిలుకను పెంచినవాళ్ళకు దక్కేది ఇదే. ఎవరికీ తల వంచని ప్రాణి తనంతట తాను మెడ వంచి మన చేతికి అందిస్తుంది. ఇక తింటుందనుకున్నాను. ప్రసన్న జామముక్క ఇచ్చింది. పటేల్ దాన్ని కింద పడేసింది. ఆమె ఆ ముక్కను చేతిరుమాలుతో తుడిచి మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ పడేసింది.

ఇద్దరిలో ఎవరు వచ్చినా పటేల్‌కు సంతోషమే. ఎవరి చేతి ముద్దా మింగదు. వృత్తిలో నేను నమ్మిన మాట అక్కడితో అక్కరకు రాకుండా పోయింది.

ఒక ఆదివారం ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే సమయానికి వచ్చారు. వెనక మల్గీలో ఎదురుపడ్డారు.

“బాగున్నారా అత్తయ్యా?”

“ఏం బాగు. నడుస్తున్న.”

యాదమ్మ డబ్బా మూత తీసింది. ప్రసన్న తొంగి చూసింది.

“మొక్కజొన్నలో ఉప్పు వేశారా?”

“ఎయ్యలె. నాకెరుక లేదా?”

“పోయిన ఉగాదికి వేశారుగా, మర్చిపోయి.”

“ఒక్కసారి మర్శిపోతె జన్మంత అంటవు. నువ్వు పప్పుల బెల్లం ఏసి నా నోరు ఖరాబ్ చెయ్యలేదా?”

“అది సాంబారండీ, పప్పు కాదు!”

“ఏదైతేంది. తియ్యగుంటె పాయసమే.”

“మరి మీ అబ్బాయి రెండుసార్లు పోయించుకున్నారే?”

“వాడు నోరు లేనోడు. ఏది పోస్తె గదే తాగుతడు.”

గిన్నె అంచు మీద గోళ్ళ చప్పుడైంది. పటేల్ దిగి వచ్చి, ఒక గింజను కాలితో పట్టుకుని కొరుకుతోంది. ముందు నేను చూశాను, తర్వాత వాళ్ళు చూశారు. ఇద్దరూ చటుక్కున ఆగిపోయారు. పటేల్ కూడా గింజ కాలిలోనే ఉంచుకుని ఆగిపోయింది.

“ఆపకండి,” అన్నాను. “మాట్లాడండి.”

“ఏం మాట్లాడాలె దొరా?”

“ఇప్పటిదాకా ఏం మాట్లాడిన్రో అదే.”

“పోట్లాడమంటారా?” అంది ప్రసన్న.

“నేను కాదమ్మా. పటేల్ అడుగుతున్నడు.”

యాదమ్మ కొంగు బిగించింది. “సరె. నువ్వు పిండి పులవకముందే పోస్తవు సూడు, గది దోసెనా, అట్టముక్కనా?”

“మీ జొన్నరొట్టె కంటే మెత్తగానే ఉంటుందండీ,” అంటూనే ప్రసన్న నవ్వేసింది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది. పటేల్ తింది.

చిలుకలు గుంపులో బతికేవి, గుంపుతో తినేవి. తినేటప్పుడు చుట్టూ గొంతులు వినిపిస్తుంటే ప్రమాదం లేదని వాటికి ధైర్యం. శ్రీనివాస్ రోజూ ఆలస్యంగా వచ్చేవాడట. ఆ ఇంట్లో సాయంత్రం వంటింట్లో తినేది ఆ ఇద్దరు ఆడవాళ్ళూ, గట్టు మీద పటేల్. దానికి దూరమైంది ఒక మనిషి కాదు. ఆ ఇంటి భోజనాల వేళ వినిపించే మాటలు.

మర్నాటి నుంచి ఇద్దరినీ సాయంత్రం నా మల్గీలోనే తినమన్నాను. ఒక చిక్కు వచ్చింది. నేను ఉండగా యాదమ్మ కూర్చోదు, తినదు. “మా అవ్వ మీ గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకోని నడిసింది దొరా. మీ ముంగట నేనెట్ల తింట?” పక్షి బరువు పెరిగేదాకా నేను అక్కడి నుంచి కదలడానికి వీల్లేదు. నేనప్పటిదాకా వచ్చినవాళ్ళ ముందు భోజనం చేసినవాణ్ణి కాను. ఆ రోజు చాప పరిచి, నా డబ్బా తెచ్చుకుని కింద కూర్చున్నాను. “మా ఇంట్ల పంక్తి నేల మీదే యాదమ్మా. ఒక్కడే కూర్చుంటే పంక్తి కాదు,” అన్నాను. ఆమె చాలాసేపు నిలబడే ఉంది. తర్వాత చాప అంచున కూర్చుంది. మా ఇంట్లో పంక్తి లేచి ఎన్నేళ్ళయిందో నాకా పూటే గుర్తొచ్చింది.

పటేల్ కోలుకుంది. ట్యూబు మానేశాను. ఒక సాయంత్రం శ్రీనివాస్ వచ్చి, వెనక నుంచి తల్లి, భార్య గొంతులు విని, ముందు మల్గీలోనే ఆగిపోయాడు. “లోపలికి పోతవా?” అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. “వాళ్ళిద్దరు ఏమనుకుంటె గది చెయ్యండ్రన్నా,” అని వెళ్ళిపోయాడు.

ఇంతలో ప్రసన్నకు విజయవాడలో ఉద్యోగం వచ్చింది. అక్కడ అక్క ఇంట్లో ఉండబోతోంది.

“పటేల్‌ని మీరే ఉంచుకోండి అత్తయ్యా. మీరు ఒక్కరే అయిపోతారు.”

“ఒక్కదాన్నే గనకనే వద్దంటున్న. నాకు అరవై దాటినయ్. వీనికింక ముప్పై, నలభై ఏండ్లుందంట. నేను పోయినంక ఎవని గుమ్మం ముంగట గూసుంటడు? తీస్కపో బిడ్డా.”

పంపడానికి ఒకటే దారి. ఒక గొంతు కొద్దికొద్దిగా తగ్గించాలి, ఇంకో గొంతు పెంచాలి. ప్రసన్న అక్క వచ్చి మా చాప మీద కూర్చుంది. యాదమ్మకు నేనే చెప్పవలసి వచ్చింది: ఈ రోజు నుంచి తక్కువ మాట్లాడండి. తర్వాత, కొంచెం దూరంగా కూర్చోండి. తర్వాత, మాట్లాడకండి.

“నన్ను జర జర మాయం చేస్తున్నరు దొరా,” అని నవ్వింది.

చివరి కొన్ని సాయంత్రాలు ఆమె ముందు మల్గీలో గింజల సంచుల మధ్య కూర్చుని, తన డబ్బాలోది తన పాటికి తింది. లోపల అక్కాచెల్లెళ్ళ మాటలు, వాటి మధ్య పటేల్ గింజలు కొరికే చప్పుడు. ఆ చప్పుడు మొదలైనప్పుడల్లా ఆమె నమలడం ఆపి వినేది. నావైపు చూసి, తింటున్నాడని తల ఊపేది.

వెళ్ళే రోజు ఆమెనే అప్పగించమన్నాను. ‘స్టెప్ అప్’ అంటూ రొమ్ము ముందు వేలు పెడితే చిలుక ఆ వేలెక్కుతుంది. తను నమ్మిన చేతి మీది నుంచి వెళితే కొత్త ఇంటిని తొందరగా నమ్ముతుంది. యాదమ్మ పటేల్‌ను తన వేలి మీద ఎక్కించుకుని ప్రసన్న వేలి పక్కన పెట్టింది. పటేల్ అటు నడిచింది, ఛాతీ ముందుకు పెట్టుకుని.

“ఫోన్ చేస్తానత్తయ్యా.”

“చెయ్యకు బిడ్డా. విడాకులు కాంగనె శీనుగానికి సంబంధం సూస్తం. రేపొచ్చే పిల్లకు బాగుండదు.”

ప్రసన్న వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టింది. యాదమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, అలాగే ఉంచేసింది. చెయ్యి తీయమని నేను చెప్పలేకపోయాను. బస్సు వేళ అవుతోందని అక్కే చెప్పింది.

ఆ వేసవి నాకు నేర్పింది ఇదీ. అంతకుముందు, మీ పక్షి ఏం తింటుందని అడిగేవాణ్ణి. ఇప్పుడు ఎవరితో తింటుందని ముందు అడుగుతాను. ఒంటరిగా ఉండేవాళ్ళను చిలుకను పెంచవద్దని అనను. మీరు తినేటప్పుడు దాని పక్కనే కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడుతూ తినండి అంటాను. కొన్నాళ్ళకు విజయవాడ కబురు కనుక్కోవడానికి యాదమ్మ వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను.

“అడుగుండ్రి,” అంది. “నిజం చెప్తరనుకున్నరా? అందరం కలిసే తింటమంటరు.”

ఆమె అన్నది నిజం. చిలుక కావాలని వచ్చినవాళ్ళందరూ ఆ మాటే అంటారు. కానీ అనేముందు కొందరు ఒక్క క్షణం ఆగుతారు. అలా ఆగినవాళ్ళకు ఆ రోజు పక్షిని ఇవ్వను. కొన్నాళ్ళు కలిసి తినండి, తర్వాత రండి అంటాను. నువ్వెవరు చెప్పడానికని కోపం చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. ఎప్పుడో ఒకసారి, నేను మర్చిపోయాక, ఇద్దరో ముగ్గురో కలిసి గుమ్మంలోకి వస్తారు.